జైలు షెడ్డులో నేర్చిన పని ఊళ్లో అన్నం పెట్టాలంటే

రాజమండ్రి సెంట్రల్ జైలు గోడ పక్కనుంచి రోజూ వెళ్లేవాళ్లకు కూడా లోపల పని ఎలా నడుస్తుందో పెద్దగా తెలియదు. ఒకప్పటి డచ్చివారి కోట అది. 1864లో జైలు అయ్యింది, 1870లో సెంట్రల్ జైలు అయ్యింది. ఖైదీలు బల్లలు చేస్తారనీ, బట్టలు నేస్తారనీ మన జిల్లాల్లో అందరూ విన్నదే. నేను ఐటీఐలో ఎలక్ట్రికల్ పాఠాలు చెబుతాను, జైలు శిక్షణ తరగతులకూ వెళ్తుంటాను. ఆ సంగతి తెలియగానే ఎవరైనా అడిగేది ఒకటే: "లోపల అన్ని పనులు నేర్పుతున్నారు కదండీ, మరి బయటికొచ్చాక వాళ్లకి పని ఎందుకు దొరకదు?"

దీనికి జవాబు చెప్పాలంటే ముందు ఒక ముడి విప్పాలి. జైల్లో ఒకే రేకుల షెడ్డు కింద, ఒకే మనుషుల చేత, నాలుగు వేర్వేరు వ్యవహారాలు నడుస్తుంటాయి. కోర్టు వేసిన శిక్షలో భాగంగా చేయాల్సిన పని ఒకటి. వంట, ఊడ్పు, తోటపని లాంటి, జైలు రోజు గడవడానికి కావలసిన పని రెండోది. బెంచీలు, బీరువాలు, దుప్పట్లు తయారుచేసి అమ్మడం మూడోది. రేపు బయటికి వెళ్లాక బతకడానికి ఒక విద్య నేర్పడం నాలుగోది. బయటి నుంచి చూస్తే నాలుగూ ఒకేలా ఉంటాయి. కానీ దేని లెక్క దానిదే, దేని తొందర దానిదే. మొదటి మూడింటికీ అడిగేవాళ్లున్నారు. నాలుగోది అడిగే మనిషి ఇంకా లోపలే ఉన్నాడు, అతని మాట ఎక్కడా చెల్లదు. అందుకే పని ఒత్తిడి పెరిగినప్పుడల్లా ముందు ఆగిపోయేది శిక్షణే.

చట్టం కూడా ఈ నాలుగింటినీ ఒకసారి రాసింది కాదు. 1894 నాటి జైళ్ల చట్టంలో 35వ సెక్షన్ చూడండి. శిక్షగా పని చేసే ఖైదీ చేత రోజుకు తొమ్మిది గంటలకు మించి చేయించకూడదు. పని చేసేవాళ్లను డాక్టరు చూస్తుండాలి, పదిహేను రోజులకొకసారైనా బరువు తూచి రాయించాలి. ఆ కాలానికి ఇది మనిషి ప్రాణం కాపాడే నిబంధనే, కాదనను. అయితే దాని ధ్యాసంతా ఎంత పని చేయించవచ్చు, ఎక్కడ ఆపాలి అన్న దాని మీదే. ఆ మనిషి ఏం నేర్చుకున్నాడన్న సంగతి ఆ సెక్షన్‌లో ఎక్కడా రాదు.

నేర్పడం గురించి, కూలి గురించి గట్టిగా మాట్లాడింది కోర్టులు. అందులో మన రాష్ట్రం నుంచి వెళ్లిన కేసులు ఉండటం నాకెప్పుడూ విశేషంగా అనిపిస్తుంది. 1977లో మహమ్మద్ గియాసుద్దీన్ కేసు ఆంధ్రప్రదేశ్ నుంచే సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఉద్యోగాలు ఇప్పిస్తామని నిరుద్యోగుల దగ్గర డబ్బు తీసుకుని మోసం చేసిన కేసు అది. జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ శిక్షను 18 నెలలకు తగ్గించారు. ఆ మనిషికి జైల్లో విసుగు పుట్టించే యాంత్రికమైన పని కాకుండా తగిన పని ఇమ్మని, దానికి నామమాత్రంగా కాకుండా సరైన కూలి ఇమ్మని చెప్పారు. 1998లో గుజరాత్ కేసులో సుప్రీంకోర్టు ఇంకా స్పష్టం చేసింది. కఠిన శిక్ష పడినవాడి చేత పని చేయించడం తప్పు కాదు, కానీ న్యాయమైన కూలి ఇవ్వాలి. తిండికీ బట్టకూ అయ్యే ఖర్చు అందులోంచి మినహాయించుకోవచ్చు. నేరం వల్ల నష్టపోయినవాళ్లకు కొంత వెళ్లే ఏర్పాటు కూడా చేయాలి అంది. 2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన నెల్సన్ మండేలా నియమాల్లో 98వది పనికొచ్చే వృత్తులు నేర్పాలంటుంది. 99వది, జైలు పరిశ్రమ లాభం కోసం ఖైదీల శిక్షణను వెనక్కి నెట్టకూడదంటుంది. నా ఉద్దేశంలో జైల్లో నేర్పే ప్రతి ఇన్‌స్ట్రక్టరూ కంఠతా పట్టాల్సిన వాక్యం అది.

ఇక తరగతిలో కూర్చునేది ఎవరన్నది చూద్దాం. జైల్లో ఉన్నవాళ్లంతా శిక్ష పడినవాళ్లని చాలామంది అనుకుంటారు. 2022 చివరి లెక్క ప్రకారం దేశం మొత్తం మీద 5,73,220 మంది ఖైదీలుంటే, అందులో 4,34,302 మంది ఇంకా విచారణలో ఉన్నవాళ్లే. అంటే నూటికి 75 మందికి పైగా. వీళ్ల చేత బలవంతంగా పని చేయించే వీల్లేదు, ఇష్టపడితే తరగతికి రావచ్చు. సాధారణ జైలు శిక్ష పడినవాళ్లదీ అదే పద్ధతి. కాబట్టి షెడ్డులోకి తప్పనిసరిగా వచ్చేది కఠిన శిక్ష పడినవాళ్లే. మిగతావాళ్లను రప్పించాల్సింది మన పాఠమే.

ఇలా విచారణలో ఉన్న రిమాండ్ ఖైదీతో వచ్చే చిక్కు ఏమిటంటే, అతను ఎప్పుడు వెళ్లిపోతాడో ఎవరికీ తెలియదు. 60 రోజులకో 90 రోజులకో ఛార్జిషీటు పడకపోతే బెయిలు అడిగే హక్కు వస్తుంది. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్ 479వ సెక్షన్ ప్రకారం, మరణశిక్ష, యావజ్జీవం పడే కేసులు కాకపోతే, అంతకుముందు ఏ కేసులోనూ శిక్ష పడనివాడు గరిష్ఠ శిక్షలో మూడోవంతు లోపల గడిపితే విడుదలకు అర్హుడు. ఇవన్నీ మంచి నిబంధనలే, అలా బయటపడాల్సిందే. కానీ రెండేళ్ల ఐటీఐ సిలబస్ పట్టుకుని వెళ్తే అందులో సగం మంది మొదటి పాఠాలతోనే ఆగిపోతారు. ఇంకోపక్క, ఏజెన్సీ నుంచి గంజాయి రవాణా చేస్తూ దొరికినవాళ్లు ఉంటారు. 20 కిలోలు దాటితే కనీస శిక్ష పదేళ్లు, బెయిలు దొరకడం చాలా కష్టం. కాగితం మీద రిమాండ్ ఖైదీయే అయినా అతను పెద్ద కోర్సు పూర్తి చేసేంత కాలం ఉండిపోవచ్చు. జీవిత ఖైదీ సంగతి మరోలా ఉంటుంది. అతనికి కాలం చాలా ఉంది. కానీ ఈరోజు నేర్పిన పనికి అతను బయటికొచ్చేనాటికి గిరాకీ ఉంటుందా?

అందుకే నేను చెప్పేది ఒకటే. జైల్లో శిక్షణను సిలబస్ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టకూడదు. ఆ మనిషి ఎప్పుడు విడుదలవుతాడు, ఏ ఊరికి వెళ్తాడు అన్న రెండు విషయాల నుంచి వెనక్కి లెక్కవేసుకోవాలి.

మా గోదావరి డెల్టాలో ఈ లెక్క ఎలా పడుతుందో చెబుతాను. భీమవరం, ఆకివీడు వైపు మనిషి అనుకోండి. అక్కడ రొయ్యల చెరువుల మీద నీళ్లలోకి గాలి కలిపే ఏరియేటర్లు రాత్రంతా తిరుగుతాయి. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఆ వేళ ఏరియేటర్ ఆగితే రొయ్య పైకి తేలిపోతుంది, రైతు పెట్టుబడంతా పోతుంది. మూడు ఫేజుల్లో ఒకటి పోయినా మోటారు అలాగే తిరగబోయి వేడెక్కి కాలిపోవడం అక్కడ మామూలే. కాబట్టి మోటారు వైండింగ్, అంటే కాలిన మోటారుకు కొత్త తీగ చుట్టడం తెలిసినవాడు, రాత్రి పిలిస్తే వచ్చేవాడు అక్కడ ఖాళీగా ఉండడు. కడియం వైపు మనిషయితే నర్సరీలు. అంటుకట్టడం, పాకెట్లు నింపడం, లోడింగ్, నీటి పైపులు, మోటార్లు, అన్నీ పనే. కోనసీమలో కొబ్బరి, పీచు పని. రావులపాలెం, తణుకు లాంటి చోట్ల వెల్డింగ్ షాపులు, రైస్ మిల్లుల రిపేర్లు. ఇవన్నీ పక్కనపెట్టి, బడ్జెట్టులో ఉంది కదా అని అందరికీ ఒకటే కంప్యూటర్ కోర్సు పెడితే సర్టిఫికెట్లు పెరుగుతాయి, పని పెరగదు.

మోటారు వైండింగ్ తరగతి లోపల ఎలా నడుస్తుందో కొంచెం వివరంగా చెప్పాలి. అసలు కష్టం ఎక్కడుందో అక్కడే అర్థమవుతుంది.

కాలిన మోటారు విప్పి, పాత కాయిల్ కోసి తీసి, ఎన్ని చుట్లున్నాయో, తీగ గేజ్ ఎంతో రాసుకోవాలి. స్లాట్లలో ఇన్సులేషన్ కాగితం పెట్టాలి. అచ్చు మీద అన్నే చుట్లు కొత్త రాగి తీగ చుట్టి, ఎనామిల్ గీసుకుపోకుండా ఒక్కో తీగనూ లోపలికి దించాలి. కనెక్షన్లిచ్చి, దారంతో బిగించి, మెగ్గర్ అనే మీటరు పెట్టి బాడీకి షార్ట్ లేదని చూసి, వార్నిష్ పోసి ఆరబెట్టాలి. బయట షాపులో కుర్రాడు దీన్ని చూస్తూ చూస్తూ నేర్చేసుకుంటాడు. లోపల ప్రతి మెట్టుకూ ఒక అడ్డు ఉంది. కాయిల్ కోయడానికి బ్లేడు కావాలి. వార్నిష్‌లో కలిపే థిన్నర్ మండుతుంది, దాన్ని పీల్చేవాళ్లూ ఉంటారు. రాగి తీగ ఒక మూర మాయమైనా తనిఖీ జరుగుతుంది. అందుకని పనిముట్లన్నీ బోర్డు మీద ఉంటాయి, ఒక్కోదాని ఆకారం బోర్డు మీద గీసి ఉంటుంది. ఒక స్క్రూడ్రైవర్ చోటు ఖాళీగా కనబడితే అది దొరికేదాకా ఎవరూ షెడ్డు దాటరు. లాకప్ వేళకు లెక్క తేలాలి. కాబట్టి గంట పాఠంలో ముందు పనిముట్లు లెక్కపెట్టి ఇవ్వడానికి, చివర లెక్కపెట్టి తీసుకోవడానికి కొంత పోతుంది. దీన్ని విసుక్కునే ఇన్‌స్ట్రక్టర్లను చూశాను. నేను మాత్రం ఆ లెక్కను పాఠంలో భాగం చేశాను. షాపులో పనిముట్టు పోగొట్టని మెకానిక్‌కు యజమాని దగ్గర విలువ ఎక్కువ, ఆ అలవాటు ఇక్కడే పడుతుంది.

చుట్లు లెక్కపెట్టడం దగ్గర ఇంకో ఇబ్బంది. మనిషి కాయిల్ చుడుతూ పైకి లెక్కపెడుతుంటాడు, సరిగ్గా అప్పుడే "ములాఖత్!" అని వార్డర్ కేక వేస్తాడు. ఇంటివాళ్లు ఎక్కడినుంచో బస్సెక్కి వచ్చి ఉంటారు, పరుగెత్తి వెళ్తాడు. తిరిగొచ్చేసరికి లెక్క పోతుంది, మనసూ పోతుంది. ఆ రోజు ఇంట్లో ఏం విన్నాడో మనకు తెలియదు. అందుకని పది చుట్లకోసారి చాక్‌పీసుతో బల్ల మీద ఒక గీత పెట్టించడం మొదలుపెట్టాను. అంకెలు రానివాళ్లకూ గీతలు వస్తాయి. పిలుపు వచ్చినా తిరిగొచ్చి గీతల దగ్గర అందుకుంటారు. ఇంకో చిన్న సంగతి, పెద్దది కూడా అదే: నలభై దాటినవాళ్లకు సన్న తీగ కనబడదు. చేతకాదని వెనక కూర్చుని, "నాకు రాదులెండి మేస్టారూ" అంటాడు. అతనికి కావలసింది కళ్లజోడు. జైలు డాక్టరుకు రాయించి అది తెప్పించేదాకా ఎంత పాఠం చెప్పినా దండగే.

ఎప్పుడు వెళ్లిపోతాడో తెలియని రిమాండ్ ఖైదీ కోసం పాఠాన్ని ముక్కలు చేసుకోవాలి, ప్రతి ముక్కా దానంతట అది పనికొచ్చేదిగా ఉండాలి. మొదటి వారంలోనే టెస్ట్ ల్యాంపుతో తప్పు ఎక్కడుందో కనిపెట్టడం, సీలింగ్ ఫ్యాన్ కెపాసిటర్ మార్చడం వచ్చేయాలి. తర్వాత స్విచ్ బోర్డు కట్టడం. ఆ తర్వాత ఫ్యాన్ వైండింగ్. మూడు ఫేజుల మోటారు చివర. మధ్యలో ఎక్కడ బెయిలు వచ్చినా చేతిలో అప్పటిదాకా నేర్చినదేదో ఒకటి ఉంటుంది.

ఇప్పుడు తయారీ సంగతి. పాఠశాలలకో, ఆఫీసులకో బల్లల ఆర్డరు వచ్చిందంటే షెడ్డులో వాతావరణమే మారిపోతుంది. గడువు ఉంటుంది, లెక్క ఉంటుంది. చేయి తిరిగినవాణ్ని ఆ పనికే పెడతారు, గ్రైండింగ్ చేసేవాడు గ్రైండింగే చేస్తాడు, రంగు వేసేవాడు రంగే వేస్తాడు. కూలి వస్తుంది కాబట్టి వాళ్లూ కాదనరు. మంచి నడవడితో పని చేస్తే రెమిషన్, అంటే శిక్షలో తగ్గింపు కూడా వస్తుంది కాబట్టి అసలు కాదనరు. కానీ ఏళ్ల తరబడి గ్రైండింగ్ ఒక్కటే చేసిన మనిషి వెల్డర్ కాలేడు. బయట రావులపాలెంలో ఒక షాపు యజమాని కొలత తీసుకో, ముక్క కొయ్యి, అతికించు, అంచనా చెప్పు అంటే అతను నిలబడిపోతాడు. తయారీ వద్దని నేను అనను. నిజమైన ఆర్డరు మీద పనిచేస్తేనే నాణ్యత, గడువు అంటే ఏమిటో తెలుస్తుంది. అడగాల్సిందల్లా, మనిషిని అన్ని మెట్ల మీదా తిప్పమని. తొలి నెల ఉత్పత్తి కాస్త తగ్గుతుంది, ఆ మాట అధికారులకు ముందే చెప్పాలి. ఇది ఎవరి మీదా ఫిర్యాదు కాదు, షెడ్డు ఆదాయం చూసే అధికారి తన ఉద్యోగం తాను చేస్తున్నాడు. శిక్షణ తరఫున మాట్లాడే ఉద్యోగం మనది.

పనులు పంచేటప్పుడు కులం చొరబడకుండా చూడటం కూడా మన పనే. 2024 అక్టోబరు 3న సుకన్యా శాంత కేసులో సుప్రీంకోర్టు జైళ్లలో కులాన్ని బట్టి పనులు పంచడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పిచ్చింది, రిజిస్టర్లలో కులం గడి తీసేయమంది. పాఠం చెప్పేచోట ఇది ఇంకో రూపంలో వస్తుంది. "వాడిది నేత కుటుంబమే కదా, మగ్గం దగ్గర పెట్టండి, త్వరగా వచ్చేస్తుంది" అంటారు. త్వరగా వస్తుంది, నిజమే. కానీ అతను వైండింగ్ నేర్చుకోవాలనుకుంటే ఆ తలుపు మనం మూసినట్టే. అడిగి ఇవ్వాలి, ఊహించి ఇవ్వకూడదు. షెడ్డు ఊడ్చే పని కూడా వంతులవారీగా అందరికీ రావాలి.

ఆడవాళ్ల జైలులో ఇంకో అలవాటు ఉంది: అందరికీ కుట్టుమిషనే. కుట్టుపని చెడ్డదని కాదు. కానీ ఊళ్లో ఇంటికో మిషను ఉన్నచోట ఇంకొకటి ఎంత సంపాదిస్తుంది? నరసాపురం లేసు అల్లిక చేతిలో ఉన్నవాళ్లు కూడా ముక్కకింత అని ఏజెంటు ఇచ్చేదే తీసుకుంటారు. వాళ్లకు అల్లిక మళ్లీ నేర్పడం కన్నా ధర లెక్కవేయడం, నేరుగా అమ్మడం నేర్పితే ఎక్కువ ఉపయోగం. ఆరేళ్లలోపు పిల్లలు తల్లితో జైల్లో ఉండొచ్చు. అలాంటి తల్లి తరగతికి రావాలంటే బిడ్డను చూసేవాళ్లు కావాలి, అది ముందే ఏర్పాటు చేసుకోవాలి.

కొత్తగా ఈ పనికి వచ్చేవాళ్లకు గట్టిగా చెప్పాల్సినది హద్దుల గురించి. ఫోను గేటు దగ్గర ఇచ్చేసి వెళ్లాలి. ఎప్పుడో ఒకప్పుడు మంచి కుర్రాడే, కళ్లనీళ్లు పెట్టుకుని, "మేస్టారూ, మా అమ్మకి ఒక్క ఫోన్ చేసి చెప్పండి, అంతే" అంటాడు. చెయ్యకూడదు. చీటీ తేకూడదు, బీడీ కూడా పట్టుకెళ్లకూడదు. జైళ్ల చట్టం 42వ సెక్షన్ ప్రకారం దానికి ఆరు నెలల దాకా జైలు ఉంది. అంతకన్నా ముఖ్యం, ఒకరికి చేస్తే రేపు ఇంకొకరి ఒత్తిడికి లొంగాల్సి వస్తుంది, తరగతే మూతపడుతుంది. అలాగని చేతులు దులుపుకోనక్కర్లేదు. నిర్బంధంలో ఉన్న ఎవరికైనా ఉచిత న్యాయ సహాయం హక్కు, 1987 నాటి చట్టం ఇచ్చింది. లీగల్ సర్వీసెస్ అథారిటీ నంబరు 15100. జైలు ఫోనుకు అర్జీ ఎలా పెట్టాలి, వెల్ఫేర్ ఆఫీసర్‌తో ఎప్పుడు మాట్లాడాలి అన్నది చెప్పొచ్చు. కేసు ఏమిటని మాత్రం నేను ఎవరినీ అడగను. పనిముట్టు ఎవరికి ఇవ్వకూడదో జైలర్ చెబుతారు, నాకు అది చాలు.

ఇంత చేసినా బయట పని ఎందుకు దొరకదు? డెల్టాలో చిన్న షాపు, నర్సరీ, చెరువు, ఎక్కడైనా మనిషిని పెట్టుకునేది పూచీ మీద. "మనవాడేనండి, నేను చెబుతున్నా కదా" అని ఒకరు అనాలి. జైలు నుంచి వచ్చినవాడికి సరిగ్గా ఆ మాట అనే మనిషే ఉండడు. సొంత బాబాయి కూడా వెనకాడతాడు. సర్టిఫికెట్ ఆ లోటు పూరించదు. పైగా దాని మీద జైలు పేరు ఉంటే లోటు పెరుగుతుంది. అందుకే పరీక్ష పెట్టే సంస్థ పేరు మాత్రమే ఉండాలని పట్టుబట్టాలి. పూచీకి దారి ఒకటే కనబడింది నాకు: షాపు యజమానులను లోపలికి తీసుకురావడం. అనుమతి తీసుకుని, ఒక వైండింగ్ షాపాయన్ను పరీక్షకుడిగా పిలిస్తే, ఆయన కాయిల్ వేళ్లతో తడిమి చూస్తాడు, మెగ్గర్ తానే పెట్టి చూస్తాడు, నాలుగు ప్రశ్నలడుగుతాడు. ఆ తర్వాత ఆ మనిషి ఆయన దృష్టిలో ఖైదీ నంబరుగా ఉండడు, పని తెలిసినవాడిగా గుర్తుంటాడు.

విడుదలకు ముందు చూసుకోవాల్సినవి చిన్నవిగా కనబడతాయి, వాటి దగ్గరే అంతా ఆగిపోతుంది. కూలి డబ్బు బ్యాంకు ఖాతాలో ఉందా, పాస్‌బుక్కు చేతిలో ఉందా. ఆధార్‌కు ఉన్న ఫోను నంబరు ఇంకా పనిచేస్తోందా, ఎందుకంటే పదేళ్లు లోపలున్నవాడికి ఆ నంబరు ఎవరిదో అయిపోయి ఉంటుంది. అది లేకపోతే ఓటీపీ రాదు, ఫోన్‌పే రాదు, చెరువు రైతు ఇచ్చే డబ్బు తీసుకోవడానికే ఇబ్బంది. టెస్ట్ ల్యాంపు, ప్లయరు, స్పానర్ సెట్, మల్టీమీటర్ ఉన్న ఒక సంచి. బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థకు పరిచయం. అక్కడ శిక్షణ ఉచితం, తర్వాత రెండేళ్లు వాళ్లు వెంటపడి చూస్తారు, లోను దారి చూపిస్తారు. ఆగస్టు 15కో, జనవరి 26కో ప్రభుత్వం ప్రత్యేక రెమిషన్ ఇచ్చినప్పుడు జీవో వచ్చిన ఒకటి రెండు రోజుల్లోనే మనుషులు బయటికి వెళ్తారు, అప్పుడు ఇవన్నీ సమకూర్చే వ్యవధి ఉండదు. కాబట్టి శిక్ష చివరి ఏడాదిలోకి వచ్చిన ప్రతి ఒక్కరి కాగితాలు, ఊరు, పిలిస్తే తీసుకునే షాపు పేరు వెల్ఫేర్ ఆఫీసర్ దగ్గర ముందే రాసి ఉంచాలి. ఆ జాబితాను ఇన్‌స్ట్రక్టరే మొదలుపెట్టాలి. ఎవరి చేతికి ఏ పని వచ్చిందో అతనికే తెలుసు.